ఆసిఫ్‌నగర్‌లో చేసిన రాజీనామా ఖైరతాబాద్‌లో ఎందుకు చేయలేదు?

(బీఆర్ఎస్ టికెట్ మీద గెలిచి కాంగ్రెస్‌లోకి వెళ్లారన్న పది మంది తెలంగాణ ఎమ్మెల్యేల అనర్హత పిటిషన్లపై సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చిన 2025 జూలై 31 రాత్రి జరిగిన స్టూడియో చర్చ ఇది. ఒకరి మీద ఒకరు మాట్లాడిన చోట వినబడినంత వరకే రాశాను. సీనియర్ జర్నలిస్టు మాటలు ఎక్కువగా ఉన్నాయి. ఆయన అడిగిన ప్రశ్నకు చివరిదాకా జవాబు రాలేదు కాబట్టి వాటిని కుదించలేదు.)

యాంకర్: నమస్కారం. మూడు నెలల్లో తేల్చాలని స్పీకర్‌కు సుప్రీంకోర్టు గడువు పెట్టింది. పది మందిలో అందరి కళ్లూ ఖైరతాబాద్ ఎమ్మెల్యే దానం నాగేందర్ మీదే ఉన్నాయి. మాగంటి గోపీనాథ్ గారి మరణంతో జూబ్లీహిల్స్ ఎలాగూ ఖాళీ. పక్కనే ఉన్న ఖైరతాబాద్‌కు కూడా ఉప ఎన్నిక వస్తుందా? మీతో మొదలుపెడదాం సార్.

న్యాయవాది: తీర్పులో ఏముందో ముందు చెబుతాను. మీరే అనర్హత వేటు వేయండని పిటిషనర్లు కోరారు. కోర్టు దానికి ఒప్పుకోలేదు. తేల్చాల్సింది స్పీకరే, కానీ మూడు నెలల్లో తేల్చాలంది. ఎమ్మెల్యేలు విచారణను సాగదీయాలని చూస్తే దాన్ని వాళ్లకు వ్యతిరేకంగా తీసుకోవచ్చని కూడా...

యాంకర్: అంటే ఉప ఎన్నిక ఖాయమేనా?

న్యాయవాది: నేను ఆ మాట అనలేదమ్మా. పదో షెడ్యూల్, అంటే పార్టీ ఫిరాయింపుల నిరోధక చట్టం, 1985లో 52వ రాజ్యాంగ సవరణతో వచ్చింది. అందులో రెండో పేరా ప్రకారం...

సీనియర్ జర్నలిస్టు: షెడ్యూల్ సంగతి తర్వాత చూద్దాం సార్, ముందు ఆ మనిషి రాజకీయ జీవితం చూడండి. 1994లో ఎన్టీఆర్ గాలికి ఉమ్మడి రాష్ట్రంలో కాంగ్రెస్ 26 సీట్లకు పడిపోయింది. ఆ గాలిలో ఆసిఫ్‌నగర్ నుంచి కాంగ్రెస్ జెండా మీద గెలిచారాయన. 1999లో మళ్లీ గెలిచారు. 2004లో కాంగ్రెస్ టికెట్ రాలేదు, టీడీపీ నుంచి పోటీ చేసి గెలిచారు. గెలిచాక కాంగ్రెస్‌కు వెళ్లాలనుకున్నారు. అప్పుడేం చేశారు? ఎమ్మెల్యే పదవికి రాజీనామా చేశారు! ఉప ఎన్నికలో నిలబడ్డారు. మజ్లిస్ అభ్యర్థి చేతిలో ఓడిపోయారు. ఓడిపోతే ఓడిపోయారు, కానీ ఓటరు దగ్గరికి వెళ్లారా లేదా? 2024 మార్చిలో అదే మనిషి బీఆర్ఎస్ ఎమ్మెల్యేగా ఉండి కాంగ్రెస్ కండువా కప్పుకున్నారు. ఈసారి రాజీనామా ఏది? నా ప్రశ్న ఇదొక్కటే.

అధికార పక్ష ప్రతినిధి: అన్నా, ఒక్క నిమిషం...

సీనియర్ జర్నలిస్టు: పూర్తి చేయనివ్వండి. మధ్యలో 2018 ఉంది. కాంగ్రెస్ నుంచి టీఆర్ఎస్‌కు, అంటే ఇప్పటి బీఆర్ఎస్‌కు వెళ్లారు. దాన్ని నేను తప్పు పట్టను. అప్పుడాయన ఎమ్మెల్యే కారు, 2014లో ఓడిపోయి ఉన్నారు. పార్టీ మారడం ఎవరికైనా హక్కు. జనం ఇచ్చిన సీటు జేబులో పెట్టుకుని మారే హక్కు ఎవరికీ లేదు.

అధికార పక్ష ప్రతినిధి: మరి 2019 జూన్ గురించి మాట్లాడండి! కాంగ్రెస్‌కు మిగిలిన 18 మంది ఎమ్మెల్యేల్లో 12 మందిని టీఆర్ఎస్‌లో కలుపుకున్నారు. ఒక్కరైనా రాజీనామా చేశారా? మీరు చేస్తే విలీనం, మేం చేస్తే ఫిరాయింపా?

ప్రతిపక్ష ప్రతినిధి: మూడింట రెండు వంతుల మంది కలిస్తే విలీనానికి చట్టమే ఒప్పుకుంటుంది. మేం 2023లో గెలిచింది 39. అందులో రెండు వంతులంటే 26. మీ దగ్గర ఎంతమంది ఉన్నారు? పది!

అధికార పక్ష ప్రతినిధి: ఆ 12 మంది ఒకేరోజు వచ్చారా? ఒక్కొక్కరినే లాగి లెక్క సరిపోయాక...

సీనియర్ జర్నలిస్టు: ఈ విషయంలో ఆయన చెప్పింది నిజం. ప్రతిపక్షం తప్పించుకోవద్దు. 2014లో సనత్‌నగర్‌లో టీడీపీ టికెట్ మీద గెలిచిన తలసాని శ్రీనివాస్ యాదవ్ గారు అదే ఏడాది డిసెంబరులో టీఆర్ఎస్ మంత్రివర్గంలో చేరారు. ఇవాళ ప్రజాస్వామ్యం గుర్తొచ్చిందా మీకు? అక్కడ ఆంధ్రప్రదేశ్‌లో 23 మంది వైసీపీ ఎమ్మెల్యేలు టీడీపీలో చేరారు, 2017లో వాళ్లలో నలుగురు మంత్రులయ్యారు. 2019లో టీడీపీకి వచ్చిన సీట్లెన్నో తెలుసా? సరిగ్గా 23!

(ముగ్గురూ ఒకేసారి మాట్లాడారు. మాటలు వినబడలేదు.)

యాంకర్: ఖైరతాబాద్‌కు వద్దాం. ఉప ఎన్నిక వస్తే దానం గారు గెలుస్తారా?

సీనియర్ జర్నలిస్టు: ఖైరతాబాద్ అంటే నాకు పీజేఆర్ గుర్తొస్తారు. పి. జనార్దన్ రెడ్డి. ఆయన బస్తీల మనిషి. నీళ్లు రావడం లేదని బస్తీ జనం అంటే వాళ్లతో కలిసి రోడ్డు మీద కూర్చునేవారు. 2007 డిసెంబరులో ఆయన పోయాక...

యాంకర్: సార్, పీజేఆర్ గారి మీద మరోసారి మాట్లాడుకుందాం.

సీనియర్ జర్నలిస్టు: లేదమ్మా, సంబంధం ఉంది. 2009 ఎన్నికలకు ముందు జరిగిన నియోజకవర్గాల పునర్విభజనలో పాత ఖైరతాబాద్ ముక్కలైంది, జూబ్లీహిల్స్ వేరే నియోజకవర్గమైంది. ఆసిఫ్‌నగర్ పేరే పోయింది. రాజీనామా చేసి వెళితే ఈయన్ని ఓడించిన నియోజకవర్గం ఇప్పుడు పటంలోనే లేదు! ఆ పాఠం కూడా దాంతోనే పోయినట్టుంది. 2009లో కొత్త ఖైరతాబాద్‌లో కాంగ్రెస్ నుంచి గెలిచి మంత్రి కూడా అయ్యారు. జనం ఆయనకు ఏం తక్కువ చేశారు?

అధికార పక్ష ప్రతినిధి: ప్రాక్టికల్‌గా ఆలోచించండి. ప్రతిపక్ష ఎమ్మెల్యే అడిగితే పనులు ఎంత తొందరగా జరుగుతాయో అందరికీ తెలుసు. డ్రైనేజీ కావాలి, రోడ్డు కావాలి, ఆసుపత్రి బిల్లుకు ముఖ్యమంత్రి సహాయ నిధి చెక్కు కావాలి. ఇంటి ముందు జనం నిలబడి ఉంటే ఎమ్మెల్యే ఏం చేయాలి?

సీనియర్ జర్నలిస్టు: అంటే మీ ప్రభుత్వం ప్రతిపక్ష నియోజకవర్గాలకు పనులు చేయదని ఒప్పుకుంటున్నారా?

అధికార పక్ష ప్రతినిధి: నేను అలా అనలేదు! నా మాట వక్రీకరించొద్దు.

న్యాయవాది: అసలు పాయింట్ నన్ను చెప్పనివ్వండి. అభివృద్ధి కోసం కలిశాం, ముఖ్యమంత్రి కప్పింది పార్టీ కండువా కాదు అని మిగతావాళ్లు వాదించుకోవచ్చు. దానం గారి కేసు వేరు. 2024లో సికింద్రాబాద్ లోక్‌సభకు ఆయన కాంగ్రెస్ అభ్యర్థి. పార్టీ అభ్యర్థి అంటే బీ ఫారం, అంటే మా అభ్యర్థి ఇతనే అని పార్టీ ఇచ్చే పత్రం ఉండాలి. దాని మీద పార్టీ తరఫున అధికారం ఉన్నవారు ఇంకుతో సంతకం పెట్టాలి, జిరాక్స్ చెల్లదు. నామినేషన్ల చివరి రోజు మధ్యాహ్నం 3 గంటల్లోపు రిటర్నింగ్ అధికారికి అందాలి. అఫిడవిట్‌లో ఫలానా పార్టీ నన్ను నిలబెట్టిందని అభ్యర్థి స్వయంగా రాసి సంతకం చేయాలి. రాజీనామా లేఖ ఇవ్వకపోయినా నడవడికను బట్టి పార్టీని స్వచ్ఛందంగా వదులుకున్నట్టు భావించవచ్చని 1994లోనే రవి నాయక్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

సీనియర్ జర్నలిస్టు: విన్నారా? ఇది ఫోటో కాదు, సంతకం! ఆ సంతకం పెట్టిన రోజు కూడా ఆయన శాసనసభలో బీఆర్ఎస్ ఎమ్మెల్యేనే. కిషన్ రెడ్డి గారి చేతిలో ఓడిపోయిన తర్వాత కూడా అంతే. లోక్‌సభకు కాంగ్రెస్, అసెంబ్లీకి బీఆర్ఎస్. ఒక మనిషికి రెండు పార్టీలేంటండీ?

ప్రతిపక్ష ప్రతినిధి: మేం కూడా అదే...

సీనియర్ జర్నలిస్టు: మీరు ఆగండి. మునుగోడు చూడండి. 2022లో రాజగోపాల్ రెడ్డి గారు బీజేపీలోకి వెళుతూ ఎమ్మెల్యే పదవికి రాజీనామా చేశారు, పది వేల పైచిలుకు ఓట్లతో ఓడిపోయారు. 2021లో హుజూరాబాద్‌లో ఈటల రాజేందర్ గారు రాజీనామా చేశారు, గెలిచారు. ఒకరు ఓడారు, ఒకరు గెలిచారు. ఇద్దరూ స్పీకర్ ఫార్మాట్‌లో లేఖ ఇచ్చాకే ఓటరు ముందుకు వెళ్లారు. అది రెండు మూడు లైన్ల లేఖ. సొంత చేత్తో రాయడానికి ఐదు నిమిషాలు పట్టదు!

యాంకర్: అంటే ఇప్పుడు రాజీనామా చేస్తే ఖైరతాబాద్, జూబ్లీహిల్స్ రెండూ కలిపి ఉప ఎన్నికలు పెట్టే అవకాశం...

న్యాయవాది: అది ఎన్నికల సంఘం చూసుకుంటుంది. ఇక్కడ అసలు సమస్య స్పీకర్ పాత్ర. ఏడు నెలలకు పైగా నోటీసు కూడా వెళ్లలేదని కోర్టు గుర్తుచేసింది. ఆపరేషన్ సక్సెస్, పేషెంట్ డెడ్ అన్నట్టు కాకూడదంది. ఈ అధికారం స్పీకర్ దగ్గరే ఉండాలా అని పార్లమెంటు ఆలోచించాలని కూడా...

సీనియర్ జర్నలిస్టు: పార్లమెంటు ఆలోచించదు సార్. అన్ని పార్టీలకూ ఇది పనికొస్తోంది.

అధికార పక్ష ప్రతినిధి: స్పీకర్ గారి మీద నమ్మకం ఉంచండి. గడువుంది కదా, ఆయన నిర్ణయం తీసుకుంటారు.

సీనియర్ జర్నలిస్టు: స్పీకర్ సంగతి నేను అడగలేదు. 2004లో రాజీనామా, 2024లో ఎందుకు లేదు? మీ పార్టీ తరఫున చెప్పండి.

అధికార పక్ష ప్రతినిధి: అది... ఆయన వ్యక్తిగత విషయం.

సీనియర్ జర్నలిస్టు: ఓటు వ్యక్తిగత విషయమా?

(మళ్లీ అందరూ ఒకేసారి మాట్లాడారు. ప్రతిపక్ష ప్రతినిధి ఏదో కాగితం చూపించారు, కెమెరా అటు తిరగలేదు.)

యాంకర్: టైమ్ అయిపోయింది. మన జర్నలిస్టు గారి ప్రశ్న గట్టిగానే ఉంది. చివరగా ఒక్క మాటలో చెప్పండి సార్, ఖైరతాబాద్‌లో ఉప ఎన్నిక ఉంటుందా, ఉండదా?

న్యాయవాది: ఒక్క మాటలో చెప్పేది కాదమ్మా. స్పీకర్ ముందు సాక్ష్యాలు...

సీనియర్ జర్నలిస్టు: ఉప ఎన్నిక కాదమ్మా, రాజీనామా గురించి అడగండి. ఆసిఫ్‌నగర్‌లో చేశారు కదా, ఇక్కడ...

(బ్రేక్)