జర్మన్ షెపర్డ్ నడుం ఎందుకు వంగిపోయింది?

[తెర మీద పక్కపక్కనే రెండు ఫొటోలు: 1890ల నాటి నలుపు తెలుపు ఫొటో, ఇప్పటి షో రింగులో నిలబెట్టిన కుక్క]

ఈ రెండూ జర్మన్ షెపర్డ్‌లే. ఎడమవైపు ఉన్నది హొరాండ్ ఫాన్ గ్రాఫ్రాత్, ఆ జాతి రిజిస్టరులో 1వ నంబరు కుక్క. కుడివైపు ఉన్నది ఈ కాలపు షో కుక్క. మొహాల సంగతి వదిలేసి వీపులు చూడండి. హొరాండ్ వీపు ఇంచుమించు బల్లపరుపుగా ఉంది, కాళ్లు ఒంటి కింద తిన్నగా ఉన్నాయి. రెండోదానికి భుజం దగ్గర మొదలైన వాలు తోక దాకా ఆగలేదు. వెనక కాళ్లు మడతపడి, మడమలు నేలకు బాగా దగ్గరగా దిగిపోయాయి.

సరే, షో కుక్కను ఒక వెనక కాలు బాగా వెనక్కి లాగి నిలబెడతారు కాబట్టి ఫొటోలో వాలు కాస్త ఎక్కువే కనిపిస్తుంది. ఆ తగ్గింపు వేసుకున్నా తేడా తేడానే. దీన్ని తెచ్చినవాళ్లు కుక్కలంటే గిట్టనివాళ్లు కాదు, చాలామటుకు ఈ కుక్కంటే ప్రాణం పెట్టేవాళ్లే.

[జర్మనీ పటం, కార్ల్స్‌రూ దగ్గర చుక్క]

1899లో కార్ల్స్‌రూలో జరిగిన కుక్కల ప్రదర్శనకు మాక్స్ ఫాన్ స్టెఫానిట్జ్ అనే అశ్వికదళ అధికారి వెళ్లాడు. హెక్టర్ అనే కాపరి కుక్క ఆయన కంటబడింది. కొనేశాడు, పేరు హొరాండ్ అని మార్చాడు, ఆ ఏడే ఈ జాతి కోసం ఒక సంఘం పెట్టాడు. దాన్ని పొట్టిగా ఎస్‌వీ అంటారు. ఆయన పట్టుదల ఒక్కటే: పనిచేయలేని కుక్క ఎంత చూడముచ్చటగా ఉన్నా దాన్నుంచి పిల్లలు తీయకూడదు.

ఇంతకీ ఏ పని? ఇది అర్థమైతే మిగతా కథంతా అర్థమైనట్టే.

[కంచె లేని పొలం, గొర్రెల మంద, నాగటి చాలు వెంట కుక్క]

పొలాలకు కంచెలు లేవు. మందను ఒక పచ్చిక పట్టె మీద మేపాలి, ఆనుకునే వేరొకరి పైరు ఉంటుంది. గొర్రెలు పైరులో మూతి పెట్టకుండా చూడాల్సింది కుక్క. అది మంద మీదికి ఉరకదు, ఊరికే మొరగదు. పచ్చికకూ పైరుకూ మధ్యనున్న చాలు వెంట ఈ కొస నుంచి ఆ కొసకు, మళ్లీ ఆ కొస నుంచి ఈ కొసకు, పొద్దుగూకేదాకా తిరుగుతూనే ఉంటుంది. నడకా కాదు, పరుగూ కాదు, ఆ రెంటికీ మధ్య సాగే నిలకడైన గతి. దాన్నే ట్రాట్ అంటారు. ఏదైనా గొర్రె గీత దాటబోతే ఆగి, ఎదురు నిలబడి, కళ్లలోకి చూస్తుంది. మొండి గొర్రె అయితే పట్టీ పట్టనట్టు పంటితో ఒక అదిలింపు. మళ్లీ ట్రాట్.

ఇక్కడ మార్కులు వేసే జడ్జి ఎవరూ లేరు. పనే జల్లెడ. కీళ్లు బాగోలేని కుక్క మధ్యాహ్నానికే కూలబడేది. పిరికిది పొట్టేలు తల వంచగానే పక్కకు తప్పుకునేది. కోపం అణచుకోలేనిది గొర్రెను చీరేసేది. ఈ మూడింట్లో దేన్నుంచీ కాపరి పిల్లలు తీయించడు. జన్యువుల గురించి అతనికి ఏమీ తెలియనక్కర్లేదు, మర్నాడు మందకు ఏ కుక్క కావాలో తెలిస్తే చాలు.

మందలు తగ్గుతున్న కొద్దీ ఈ జాతికి వేరే పని వెతకాలని స్టెఫానిట్జ్‌కు తట్టింది. పోలీసు, సైన్యం వైపు నడిపించాడు. వాసన పట్టడం, మాట వినడం, యజమానిని కాపాడటం, వీటికి పరీక్షలు వచ్చాయి. జల్లెడ మారింది కానీ పోలేదు.

[మొదటి ప్రపంచ యుద్ధం నాటి సైనికుడు, పక్కన కుక్క]

పోయింది ఎప్పుడంటే, గిరాకీ వచ్చినప్పుడు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఈ కుక్కల పనితనాన్ని అవతలి పక్షం సైనికులు కూడా చూశారు. లీ డంకన్ అనే అమెరికన్ సైనికుడికి 1918లో ఫ్రాన్స్‌లో దొరికిన పిల్లే రిన్ టిన్ టిన్. అది హాలీవుడ్ తార అయ్యింది. ఇక చూస్కోండి, 1920ల మధ్యకల్లా అమెరికాలో అన్నిటికన్నా ఎక్కువగా రిజిస్టరయ్యే జాతి ఇదే. తెర మీద చూసిన కుక్క ప్రతి ఇంటికీ కావాలి. దాని వెనక ఎన్ని తరాల ఏరివేత ఉందో కొనేవాళ్లకు పట్టలేదు, అమ్మేవాళ్లకు అంత ఓపిక లేదు. అడ్డగోలుగా పుట్టించిన పిల్లలు బెదురుతూ, కరుస్తూ పెరిగాయి. జాతికి చెడ్డపేరు వచ్చింది, సంఖ్య పడిపోయింది. మళ్లీ ఎప్పుడో కోలుకుంది.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. ఎక్కువ పిల్లలు పుట్టడం దానంతట అదే జాతిని చెడగొట్టదు. తల్లిదండ్రుల్ని ఏరడం మానేసి ఎక్కువ పుట్టిస్తే చెడుతుంది. గిరాకీ పెరిగినప్పుడు ముందుగా ఎగిరిపోయేది ఆ ఏరివేతే, ఎందుకంటే దానికి టైం పడుతుంది.

[కాలరేఖ: 0 నుంచి 10 ఏళ్లు]

ఆడకుక్క ఏడాది నిండేలోపే ఎదకు రావచ్చు. చూలు మోసేది సుమారు 63 రోజులు. కానీ దాని తుంటి కీళ్లు ఎలా ఉన్నాయో తేల్చే ఎక్స్‌రేకు అమెరికాలోని ఓఎఫ్‌ఏ సంస్థ తుది గ్రేడు ఇచ్చేది 24 నెలలు నిండాకే. ఎస్‌వీ పద్ధతిలో కనీసం 12 నెలలు నిండాలి. స్వభావం కుదురుకోవడానికీ దాదాపు అంతే కాలం. ఇక డీజెనరేటివ్ మైలోపతీ అని ఒక జబ్బు ఉంది, వెన్నుపాము మెల్లగా దెబ్బతిని వెనక కాళ్లు ఈడ్చుకుంటాయి. అది సాధారణంగా ఎనిమిదేళ్లు దాటాకగానీ బయటపడదు. తొందరపడే బ్రీడర్‌కు మొదటి ఈత డబ్బులు చేతికొచ్చేసరికి తల్లి గురించి ఏమీ తెలిసి ఉండదు. తెలిసే నాటికి దానికి మనవలు కూడా పుట్టేసి ఉంటాయి.

మగకుక్క విషయంలో ఇది ఇంకా ఘోరం. ఒక మగకుక్క పెద్ద షోలో గెలిచిందనుకోండి. వారానికి రెండు మేటింగులు, ఈతకు ఏడు పిల్లలు అని లెక్కేసినా ఏడాదికి ఏడువందల పైమాటే. పదేళ్లు తిరిగేసరికి ఎవరి కుక్క పెడిగ్రీ, అంటే వంశవృక్షం, తీసినా అదే పేరు రెండు వైపులా కనబడుతుంది. సవతి అన్నాచెల్లెళ్లను జత చేస్తే పుట్టే పిల్లల్లో అంతఃప్రజనన గుణకం (తల్లి నుంచీ తండ్రి నుంచీ ఒకే పూర్వీకుడి జన్యువు రావడానికి ఉన్న అవకాశం) 12.5 శాతం, సొంత అన్నాచెల్లెళ్లయితే 25. తెలిసి అలా చేసేవాళ్లు కొందరే. కానీ ఒకే మగకుక్కను అందరూ ఎగబడి వాడుకుంటే, ఎవరూ తప్పు చేయకుండానే జాతి మొత్తం ఆ దిక్కుకే జరుగుతుంది. ఆ కుక్క లోపల దాగిన ఒక్క చెడ్డ జన్యువు కూడా దానితో పాటే అన్ని ఇళ్లకూ చేరుతుంది.

[షో రింగు, గడ్డి మీద గుండ్రంగా పరుగెడుతున్న కుక్కలు]

ఇప్పుడు మళ్లీ వీపు దగ్గరికి వద్దాం. పొలంలో ట్రాట్ ఎందుకు కావాలో చూశాం. షో రింగులో కూడా జడ్జి చూసేది ట్రాటే. రోజంతా తిరగ్గలదా అన్నది రింగులో తేలదు. అడుగు ఎంత దూరం పడుతోంది, చూడ్డానికి ఎంత తేలిగ్గా ఉంది, అదే చూడగలరు. వెనక కాలు కాస్త ఎక్కువ వంపు తిరిగిన కుక్కకు అడుగు పొడుగ్గా పడుతుంది, కళ్లకు ఇంపుగా ఉంటుంది. అది గెలుస్తుంది. దాని పిల్లల్లో ఇంకొంచెం వంపున్నది వచ్చే ఏడు గెలుస్తుంది. మొదట్లో ఆ ఎంపిక సరైనదే కావచ్చు కూడా. ఎక్కడ ఆగాలో చెప్పే పొలం లేకపోవడమే అసలు చిక్కు.

1925లో స్టెఫానిట్జే ఒకసారి కళ్లెం వేశాడు. అప్పటి కుక్కలు మరీ ఎత్తుగా, చతురస్రంగా పెరిగిపోతున్నాయని క్లోడో ఫాన్ బాక్స్‌బర్గ్ అనే, ఎత్తు తక్కువగా ఒళ్లు పొడుగ్గా ఉన్న కుక్కను ఛాంపియన్ చేశాడు. జాతి ఆకారం ఆ వైపు తిరిగింది. ఒక్క మనిషి ఒక్క నిర్ణయంతో అంత పని జరిగిందంటే, ఆ తర్వాత వరసగా ఎన్నో ఏళ్లు ఒకే దిక్కుకు లాగితే ఎక్కడికి పోతుందో ఊహించుకోండి.

జాతి ప్రమాణాల్లో ఇలాంటి వీపు రాసి లేదు. అంతర్జాతీయ కుక్కల సమాఖ్య ఎఫ్‌సీఐ రాసిన 166వ ప్రమాణం చదివితే వీపు దృఢంగా ఉండాలంటుంది, వాలేది తోకకు పైనుండే పిరుదుల భాగం, అదీ సుమారు 23 డిగ్రీలు. కాగితం బాగానే ఉంది. 2016లో బ్రిటన్‌లోని క్రఫ్ట్స్ ప్రదర్శనలో ఈ జాతిలో గెలిచిన కుక్క నడక టీవీలో చూసి జనం గగ్గోలు పెట్టారు. అప్పుడు మిగతా ప్రపంచం కూడా ఆ మడమల్ని చూసింది.

[వెనక నుంచి తీసిన దృశ్యం: కుక్క దూరంగా నడుస్తోంది]

మీరూ చూడొచ్చు. కుక్క మీ నుంచి తిన్నగా దూరంగా నడుస్తున్నప్పుడు వెనక నిలబడండి. మడమలు రెండూ పట్టాల మీద పోయినట్టు సమాంతరంగా కదలాలి. ఒకదానికొకటి రాసుకుంటున్నా, అడుగు పడ్డ ప్రతిసారీ పక్కలకు వణుకుతున్నా ఆ కాలికి బిగువు లేదన్నమాట.

ఒక అపోహ తీసేద్దాం. వాలు వీపు వల్లే హిప్ డిస్‌ప్లేసియా వస్తుందని చాలామంది అనుకుంటారు. అవి రెండూ ఒకటి కావు. తొడ ఎముక తల కటి గుంటలో బిగుతుగా కూర్చోకపోవడం హిప్ డిస్‌ప్లేసియా. వీపు తిన్నగా ఉన్న కుక్కకూ అది ఉండొచ్చు. కాబట్టి "మా దగ్గర స్ట్రెయిట్ బ్యాక్ లైన్" అని అమ్మేవాళ్ల మాట విని ఎక్స్‌రే అడగడం మానేయకండి.

లండన్ రాయల్ వెటర్నరీ కాలేజీ వాళ్లు 2017లో ఒక అధ్యయనం ప్రచురించారు. బ్రిటన్ క్లినిక్‌ల రికార్డుల్లోని 12,146 జర్మన్ షెపర్డ్‌లను తీసుకున్నారు. చావుకు కారణాల్లో ముందు వరసలో ఉన్నవి ఎముకలు, కీళ్ల జబ్బులు, లేచి నిలబడలేకపోవడం.

మరి బాగుచేయలేమా? చేయొచ్చు. చేసి చూపించినవాళ్లున్నారు.

[హార్నెస్‌తో గైడ్ డాగ్]

చూపులేని వాళ్లకు దారి చూపే కుక్కల్ని తయారుచేసే అమెరికన్ సంస్థ సీయింగ్ ఐ. 1928లో అమెరికాలో మొదటి గైడ్ డాగ్‌గా పేరుపడ్డ బడ్డీ కూడా జర్మన్ షెపర్డే. ఈ సంస్థ తన సొంత కుక్కల్లో తుంటి బాగున్నవాటినే ఏరి పిల్లలు తీసింది. కుక్క ఎక్స్‌రే ఒక్కటే కాదు, దాని తోబుట్టువులు, పిల్లల ఎక్స్‌రేలు కూడా లెక్కలోకి తీసుకుంది. ఐదు తరాలు కూడా తిరగకుండానే హిప్ డిస్‌ప్లేసియా ఉన్న జర్మన్ షెపర్డ్‌లు 55 శాతం నుంచి 24 శాతానికి తగ్గాయి. 1997లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. మందు లేదు, మాయ లేదు. కుక్క పని చేయకపోతే నష్టపోయేది వాళ్లే కాబట్టి జల్లెడ పట్టారు. అమ్మి చేతులు దులుపుకునేవాడికి ఆ అవసరం లేదు.

పోలీసు, సైన్యాల సంగతి చూస్తే, ఈ జాతి బాగుపడేదాకా వాళ్లు కాచుకుని కూచోలేదు. చాలా దేశాల్లో బెల్జియన్ మాలినాయ్ అనే మరో కాపరి కుక్కల జాతి వైపు మళ్లారు. జర్మన్ షెపర్డ్‌లో వర్కింగ్ లైన్, అంటే పని కోసం పెంచే వంశాలు, ఇంకా గట్టిగానే ఉంది కానీ, ప్రదర్శనల కోసం పెంచే షో లైన్ పక్కన పెడితే రెండూ వేరే జాతులేమో అనిపిస్తుంది. ఇక 2011లో బిన్ లాడెన్ మీద దాడిలో పాల్గొన్న కైరో అనే కుక్క మాలినాయ్ అని తెలిశాక ఆ జాతికీ గిరాకీ మొదలైంది. రిన్ టిన్ టిన్ సినిమా రెండో ఆట అన్నమాట.

[కాగితాలు: రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్, ఎక్స్‌రే రిపోర్టు]

కొనాలనుకునేవాళ్లకు రెండు ముక్కలు. రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ ఎవరికి పుట్టిందో చెబుతుంది, ఎలాంటిదో చెప్పదు. అమెరికాలో ఏకేసీ (అమెరికన్ కెన్నెల్ క్లబ్) కాగితానికి తల్లిదండ్రులిద్దరూ రిజిస్టరైన అదే జాతివి అయితే చాలు, ఏ పరీక్షా అక్కర్లేదు. కాబట్టి అడగాల్సింది తల్లిదండ్రుల తుంటి, మోచేతి గ్రేడులు, డీజెనరేటివ్ మైలోపతీకి ఎస్‌ఓడీ1 జన్యు పరీక్ష ఫలితం, ఏదైనా పని పరీక్ష పాసైన దాఖలా. వీలైతే తాతల గురించి కూడా అడగండి, ఎన్నేళ్లు బతికాయి, ఎలా పోయాయి అని. మంచి బ్రీడర్ ఈ ప్రశ్నకు మొహం చిట్లించడు, మీరు విసిగేదాకా చెబుతాడు.

తల్లిని కళ్లారా చూడండి. పిల్లల దగ్గర కాస్త గుర్రుమంటే తప్పులేదు, కానీ మీరు గదిలో కూర్చున్న పావుగంట తర్వాత కూడా మూలకు నక్కి వణుకుతుంటే ఆ పిల్లల్ని తీసుకోకండి. ఆ బెదురులో కొంత పుట్టుకతో వస్తుంది, కొంత తల్లిని చూసి పిల్లలు నేర్చుకుంటాయి. చివరిగా, ఎక్స్‌రే రిపోర్టు మీదున్న మైక్రోచిప్ నంబరు, తల్లి మెడ మీద స్కానర్ పెట్టినప్పుడు వచ్చే నంబరు ఒకటేనేమో సరిచూసుకోండి. వేరే కుక్క ఎక్స్‌రే చూపించేవాళ్లూ ఉంటారు.