మందు ఒంటికి అలవాటు పడుతుందా?

శ్రోతలకు నమస్కారం.

మన వరంగల్ దిక్కు ఒక మాట తరచూ వింటుంటాం: "ఆ గోలీలు పనిచేస్తలేవు సార్, ఒంటికి అలవాటు పడ్డయి." ముప్ఫై ఏళ్లు క్షయ క్రిమి జన్యువులతోనే గడిపినవాణ్ణి కనుక ఈ మాట చెవిన పడితే ఊరుకోలేను. అలవాటు పడింది ఒళ్లు కాదు. ఆ మాటకొస్తే క్రిమి కూడా కాదు.

ఈ పనిలోకి వచ్చిన కొత్తలో నాది సగం వంటపని. క్షయ క్రిమిని ల్యాబులో పెంచడానికి పెట్టే మేతలో ముఖ్యమైన సరుకు కోడిగుడ్లు. వాటిని స్పిరిట్‌తో తుడిచి, పగలగొట్టి, గిలక్కొట్టి, గుడ్డలో వడగట్టి, మాలకైట్ గ్రీన్ అనే రంగు కలిపి గాజు గొట్టాల్లో పోయాలి. ఆ గొట్టాలను ఏటవాలుగా పడుకోబెట్టి వేడిమీద గట్టిపరచాలి. హనుమకొండలో గుడ్ల దుకాణం ఆయన "ఇంట్ల దావత్ ఉన్నదా సార్?" అనేవాడు. దావత్ క్రిములకని ఎట్లా చెప్పను!

మన పేగుల్లో ఉండే ఈ.కోలైకి మంచి మేత దొరికితే ఇరవై నిమిషాల్లో ఒకటి రెండవుతుంది. క్షయ క్రిమికి దాదాపు ఒక రోజు పడుతుంది. గొట్టంలో ఉప్మారవ్వ చల్లినట్టు గరుకు గుంపులు కంటికి ఆనేసరికి నాలుగు నుంచి ఎనిమిది వారాలు. ఒకసారి ఆరు వారాలు కాచుకున్న గొట్టాలన్నిటికీ బూజు పట్టింది. మళ్లీ గుడ్ల దుకాణమే.

ఇక అలవాటు సంగతి. 1952లో అమెరికాలో ఎస్తర్ లెడర్‌బర్గ్, ఆమె భర్త జాషువా ముఖమల్ గుడ్డతో ఒక ప్రయోగం చేశారు. మందు ఎన్నడూ తగలని పళ్లెంలో ఈ.కోలైని పెంచి, దానికి ముఖమల్ అద్ది, అదే గుడ్డతో మందు కలిపిన పళ్లాల మీద ఒకదాని తర్వాత ఒకటి ముద్ర వేశారు. దాదాపు అన్నీ చచ్చాయి. బతికిన కొద్దిపాటివీ ప్రతి పళ్లెంలోనూ అదే చోట ఉన్నాయి. అంటే, మందును చూశాక నేర్చుకున్నవి కావవి. మొదటి పళ్లెంలో, ఆ చోట, ముందే ఉన్నాయి. నాకు తెలిసిన ప్రయోగాల్లో ఇంత ముచ్చటైనది ఇంకోటి లేదు, గుడ్డ ముక్కతో తేల్చేశారు! 1958 నోబెల్ మాత్రం భర్తకే వచ్చింది, ఆమెకు రాలేదు.

పరకాల, నర్సంపేట పత్తి రైతులకు దీన్ని విడమరచి చెప్పే పనే లేదు. ఒకే మందు పదేపదే కొడితే లొంగే పచ్చపురుగు పోయి, లొంగనిదాని సంతానం చేనంతా నిండటం వాళ్లు కళ్లారా చూసిందే.

క్షయ క్రిమి జన్యువుల రాత మొత్తాన్నీ 1998లో చదివారు. 44 లక్షల అక్షరాలు, నాలుగు వేల దాకా జన్యువులు. అందులో ఆర్‌పీఓబీ అనే జన్యువులో 81 అక్షరాల చిన్న ముక్క ఉంది. రిఫాంపిసిన్ అనే ముఖ్యమైన క్షయ మందుకు లొంగని క్రిముల్లో నూటికి తొంభై ఐదింటికి తేడా అక్కడే. చాలాసార్లు మారేది ఒక్క అక్షరమే. 'మేక'కు కొమ్మిస్తే 'మేకు' అయినట్టు! దాంతో మందు అతుక్కునే చోటు ఆకారం మారిపోతుంది.

ఇలాంటి మార్పు ఏ పది కోట్ల క్రిముల్లోనో ఒకదానికి ఉంటుంది. అరుదే. కానీ పుండుపడిన ఊపిరితిత్తిలో క్రిములు అంతకు తక్కువేం ఉండవు. 1947లో బ్రిటన్‌లో క్షయ రోగులకు స్ట్రెప్టోమైసిన్ అనే మందు ఒక్కటే ఇచ్చి చూశారు. రోగులు మొదట తేరుకున్నారు, కొన్ని నెలలకు చాలామందికి మళ్లీ తిరగబెట్టింది. అందుకే ఇప్పుడు మొదటి రెండు నెలలు నాలుగు మందులు కలిపి ఇస్తారు, మొత్తం ఆరు నెలలు. ఒకే క్రిమిలో అన్ని మార్పులూ కూడటం జరిగే పని కాదు. "నెలకే దగ్గు తగ్గింది, ఇగ గోలీలెందుకు?" అని మానేస్తే మాత్రం మిగిలిపోయిన క్రిములకు మళ్లీ పెరిగే సందు దొరుకుతుంది.

ఆ 81 అక్షరాల్లో తేడా ఉందో లేదో, క్రిమి జన్యువులను పరీక్షించే సీబీనాట్ అనే యంత్రం ఇప్పుడు రెండు గంటల్లో తేల్చేస్తోంది. మొదటిసారి చూసినప్పుడు సంతోషంతోపాటు కొంచెం ఉక్రోషమూ కలిగింది. నా ఎనిమిది వారాలు ఏమైనట్టు? కానీ అది చెప్పేది రిఫాంపిసిన్ సంగతే. మిగతా మందుల్లో కొన్నిటి గురించి తెలియాలంటే ఇప్పటికీ క్రిమిని పెంచి చూడాల్సిందే.

గుడ్ల దుకాణంలో ఇప్పుడు ఆయన కొడుకు కూర్చుంటున్నాడు. మొన్న నా శిష్యురాలు వెళ్తే, "మేడం, దావత్ ఎప్పుడు?" అన్నాడట.