వాలీన్‌ను తట్టుకునే మ్యుటేషన్ ఎక్కడుంది? పీ1 ఫేజ్‌తో మ్యాపింగ్

[తెరపై: గ్లూకోజ్ మినిమల్ ప్లేట్, వాలీన్ మి.లీ.కు 50 మైక్రోగ్రాములు, నాలుగైదు కాలనీలు]

ఇ. కోలి బ్యాక్టీరియా ల్యాబ్ స్ట్రెయిన్ కె-12కు వాలీన్ అనే అమైనో ఆమ్లం విషం. వాలీన్, ఐసోలూసీన్ రెండింటి తయారీకీ అసిటోహైడ్రాక్సీయాసిడ్ సింథేజ్ అనే ఎంజైమ్ కావాలి. దాని మూడు రకాల్లో ఒకటినీ మూడునూ వాలీన్ ఆపేస్తుంది. ఆగని రెండో రకం జన్యువు ఐఎల్‌వి-జి, కె-12లో ఫ్రేమ్‌షిఫ్ట్‌తో (డీఎన్ఏ అక్షరాలను చదివే వరుస జరిగిపోయి) చెడిపోయి ఉంది. దాంతో ఐసోలూసీన్ అందక ఎదుగుదల ఆగుతుంది. మరి ఈ కాలనీల్లో మారింది ఏ జన్యువు?

[తెరపై: 100 నిమిషాల వృత్తాకార మ్యాప్]

ఇ. కోలి క్రోమోజోమ్‌పై జన్యువుల స్థానాలను నిమిషాల్లో చెబుతారు. ముందుగా 2వ నిమిషం చూద్దాం. మూడో రకానికి చెందిన ఐఎల్‌వి-హెచ్ అక్కడే, లూసీన్ జన్యువుల పక్కనే ఉంది.

పీ1 బ్యాక్టీరియాకు సోకే వైరస్ (ఫేజ్). ఒక కణం డీఎన్ఏ ముక్కను మరో కణంలోకి మోస్తుంది, పక్కపక్క జన్యువులు తరచూ కలిసే వెళ్తాయి. నిరోధక స్ట్రెయిన్‌పై 5 మిల్లీమోలార్ కాల్షియం క్లోరైడ్‌తో పీ1 లైసేట్ (కణాలు పగిలి ఫేజ్ బయటపడిన ద్రవం) చేయండి. క్లోరోఫామ్ వేసి మిగిలిన కణాలను చంపండి. గ్రహీతగా లూసీన్ చేసుకోలేని, వాలీన్‌కు లొంగే స్ట్రెయిన్ తీసుకోండి. ఫేజ్ తక్కువే కలపండి. ఎక్కువైతే ట్రాన్స్‌డక్టెంట్లు (కొత్త ముక్క అందుకున్న కణాలు) కూడా లైసిస్ అవుతాయి, అంటే పగిలిపోతాయి. 30 నిమిషాల తర్వాత సోడియం సిట్రేట్ వేయండి. అది కాల్షియాన్ని పట్టేయడంతో ఫేజ్ మళ్లీ అంటుకోదు.

ఇప్పుడు అసలు విషయం: వాలీన్ ప్లేట్‌పై నేరుగా ఎంపిక చేయకండి. గ్రహీతలో తనంతట పుట్టే కొత్త మ్యుటెంట్లూ అక్కడ పెరిగి లెక్కను పాడుచేస్తాయి. లూసీన్ లేని ప్లేట్‌పై ఎంపిక చేసి, సిట్రేట్ ప్లేట్‌పై రెండుసార్లు శుద్ధిచేసి, 100 కాలనీలను వాలీన్ ప్లేట్‌పై ప్యాచ్ చేయండి (చిన్న మచ్చలుగా రుద్దండి). ఫేజ్ లేని గ్రహీత, లైసేట్ ఒక్కటే: ఈ రెండు కంట్రోళ్లూ తప్పనిసరి.

[తెరపై: ప్యాచ్ దగ్గరగా]

నిరోధక ప్యాచ్ అంతటా ఒకే మందంతో ఉంటుంది. లొంగేది పలచని పొరలా ఉండి, ఆలస్యం చేస్తే అందులో చుక్కలు లేస్తాయి. అవి కొత్త మ్యుటెంట్లు, లెక్కలోకి రావు. ఈ ప్లేట్లలో లూసీన్ కూడా ఉండకూడదు. వాలీన్ లోపలికి వెళ్లే దారిలో అది పోటీపడి లొంగేవాటిని కాపాడుతుంది. వాలీన్‌తో పాటు ఐసోలూసీన్ ఉన్న ప్లేట్‌పై మాత్రం అన్నీ పెరగాలి.

[తెరపై: సి = (1 − డి/ఎల్)³]

ఇది 1966లో వూ ఇచ్చిన సూత్రం. సి అంటే రెండు జన్యువులూ కలిసి వెళ్లిన భాగం, డి వాటి మధ్య దూరం. పీ1 మోసే ముక్క పొడవు ఎల్, సుమారు 2 నిమిషాలు. 100లో 86 నిరోధకమైతే డి దాదాపు 0.1 నిమిషం, అంటే సుమారు 4,600 బేస్ జతలు. అప్పుడు ఐఎల్‌వి-హెచ్‌ను సీక్వెన్స్ చేయండి. ఒక్కటీ రాకపోతే 83వ నిమిషం దగ్గరి ఐఎల్‌వి-బి, 85 దగ్గరి ఐఎల్‌వి-జి వైపు వెళ్లి, ఆ పక్కనుండే మార్కర్‌తో ఇదే క్రాస్ చేయండి. అక్కడా లింక్ కనిపించకపోతే, వాలీన్‌ను లోపలికి తెచ్చే ట్రాన్స్‌పోర్ట్ జన్యువులను అనుమానించాలి.