షోలవరం కాగితాలు

అందరికీ నమస్కారం. మాట మొదలుపెట్టే ముందు మీకో వస్తువు చూపిస్తాను.

పదహారు పేజీల పుస్తకం ఇది. షోలవరం కార్ల పందేల్లో గేటు దగ్గర అమ్మిన ప్రోగ్రాం. మధ్యలో రెండు స్టేప్లర్ పిన్నులు, వాటి చుట్టూ తుప్పు పాకి కాగితం ఇటికరంగుకు తిరిగింది. వెనక అట్ట మీద ఇంజిన్ ఆయిల్‌తో పడ్డ బొటనవేలి ముద్ర ఉంది. లోపల కార్ల నంబర్లు, నడిపేవాళ్ల పేర్లు అచ్చులో ఉంటే, ఆ పక్కనే పెన్సిలుతో ల్యాపు టైములు, అంటే ఒక్కో చుట్టుకు పట్టిన కాలం, రాసి ఉన్నాయి. ఆ వేలిముద్రా, ఆ పెన్సిలు రాతా మా మేనమామవి. మద్రాసులో ఒక షెడ్డులో మెకానిక్కుగా చేసేవాడు.

షోలవరం ఎక్కడుందో మన నెల్లూరు వాళ్లకు చెప్పక్కర్లేదు. సూళ్లూరుపేట, తడ, గుమ్మిడిపూండి దాటి అదే రోడ్డున పోతే, రెడ్‌హిల్స్ ఇంకా రాకముందే తగులుతుంది. మ్యాపులో చోళవరం అని ఉంటుంది, మనవాళ్ల నోట్లో షోలవరమే. రెండో ప్రపంచయుద్ధం నాటి విమానాల రన్‌వే అది. యుద్ధం అయిపోయాక ఊరికే పడి ఉన్న ఆ సిమెంటు నేల మీద మద్రాసు కుర్రకారు కార్లు తోలడం మొదలుపెట్టారు. 1953లో మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ పుట్టింది. ఆ తర్వాత ముప్పై ఏళ్లకు పైగా దేశంలో కార్ల పందెమంటే షోలవరమే. సిలోన్ నుంచి కూడా వచ్చి నడిపేవాళ్లు. ఇంట్లో వాడుకునే ఫియట్‌నీ స్టాండర్డ్ హెరాల్డ్‌నీ సీట్లు పీకేసి, సైలెన్సరు కోసేసి, పందెంలో దించేవాళ్లు. అదే నేల మీద 1980ల మొదట్లో విజయ్ మాల్యా ఎన్‌సైన్ కంపెనీ ఫార్ములా వన్ కారు నడిపాడు. 1990లో క్లబ్బు ఇరుంగాట్టుకోట్టైలో సొంత ట్రాక్ కట్టుకున్నాక షోలవరం కథ ముగిసింది.

ఇప్పుడు అక్కడికి పోతే చూడటానికేమీ ఉండదు. అందుకే ఆ పందేల గురించి మనకు మిగిలిందల్లా ఇలాంటి కాగితాలూ, ఆ రోజులు చూసిన మనుషుల జ్ఞాపకాలే. ఈ రెంటినీ విడివిడిగా పోగొట్టుకుంటున్నాం, నా బాధ అది.

కార్లకూ పందేలకూ సంబంధించిన వస్తువులు సేకరించేవాళ్లు ప్రపంచమంతా ఉన్నారు. 1930లలో మొనాకో పందేలకు రాబర్ట్ ఫాల్కూచీ, జియో హామ్ అనే చిత్రకారులు వేసిన పోస్టర్లకు ఇవాళ వేలంలో పెద్ద ధర పలుకుతుంది. ఇంగ్లాండులో 1907లో కట్టిన బ్రూక్‌లాండ్స్ ట్రాక్ బ్యాడ్జీలంటే అక్కడివాళ్లు ప్రాణం పెడతారు. కొనగలిగినవాళ్లు కొనుక్కోనీ, తప్పేం లేదు. కానీ నెల్లూరులో ఉండి మొనాకో పోస్టరు కోసం కలలు కనేకంటే, మన పక్కింటి మెకానిక్కు ట్రంకుపెట్టెలో ఏముందో చూడటం నాకు ఎక్కువ ఇష్టం. మొనాకో పోస్టరును కాపాడటానికి అక్కడ వందమంది ఉన్నారు. ఆ ట్రంకుపెట్టె మాత్రం రేపో ఎల్లుండో పాతపేపర్లవాడి తక్కెడలోకి పోతుంది.

కాగితం ఎలా పాడవుతుందో నా చేతులతో నేనే పాడుచేసి నేర్చుకున్నాను. చాలా ఏళ్ల కిందట ఒక పెద్దాయన షోలవరం గేటు టికెట్టు ఇచ్చారు. పలచటి లేతరంగు కాగితం, మీద రబ్బరు స్టాంపు. పాడైపోతుందేమోనన్న భయంతో ఆ సాయంత్రమే లామినేషన్ చేయించాను. వేడికి స్టాంపు సిరా పాకింది, మధ్యలో గాలిబుడగ పడింది. ఆ ప్లాస్టిక్ ఇక ఊడదు, ఊడదీస్తే కాగితమే చిరుగుతుంది. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. ఆ టికెట్టు ఇప్పటికీ నా బీరువాలో ఉంది, చూసినప్పుడల్లా మనసు కలుక్కుమంటుంది.

అందుకని కాస్త వివరంగా చెబుతాను, విసుక్కోకండి. లామినేషన్ వద్దు. చిరిగినచోట సెల్లో టేపు వద్దు, దాని జిగురు కొన్నేళ్లకు పసుపుపచ్చ మరకై కాగితంలోకి ఇంకుతుంది. తుప్పు పట్టిన పిన్నును గోటితో లాగకండి. సన్నటి రేకుముక్క దూర్చి పిన్ను కాళ్లు రెండూ నిదానంగా పైకి లేపి, ఆ తర్వాత రెండోవైపు నుంచి బయటికి తీయాలి. ఆ రంధ్రాల్లోంచే నూలు దారంతో కుట్టుకోవచ్చు. మెత్తగా ఉండి ఘాటు వాసన కొట్టే ప్లాస్టిక్ కవర్లలో పెడితే అచ్చు సిరా కవరుకు అంటుకుపోతుంది. తాకితే గలగలమనే పాలియెస్టర్ కవర్లు దొరుకుతాయి, అవే మేలు. మన సముద్రపు గాలికి తేమ ఎక్కువ కాబట్టి బీరువాను గోడకు ఆనించకండి. వర్షాకాలం పోయాక అన్నీ బయటికి తీసి నీడపట్టున ఒక పూట ఆరనివ్వండి, ఎండలో మాత్రం కాదు.

బ్యాడ్జీల దగ్గర ఇంకో పొరపాటు జరుగుతుంది. దక్షిణ భారత ఆటోమొబైల్ అసోసియేషన్ వాళ్లు సభ్యులకిచ్చిన బ్యాడ్జీలు అంబాసిడర్, ఫియట్ కార్ల ముందు జాలీకి బిగించి ఉండేవి, మీలో కొందరు చూసే ఉంటారు. అలాంటిది చేతికి రాగానే ఇత్తడి చెంబు తోమినట్టు చింతపండుతో తోమేస్తారు. పైపూత పోయి కింద లోహం బయటపడుతుంది. మెత్తటి పొడిగుడ్డతో తుడవండి, చాలు. పాత బ్యాడ్జీలో రంగు పెయింటు కాదు, గాజుపొడి. లోహం మీద పరిచి కొలిమిలో కాలిస్తే కరిగి అతుక్కుంటుంది. భూతద్దంతో చూస్తే పెచ్చు లేచినచోట గాజు పగిలినట్టే కనిపిస్తుంది. ఈమధ్య దొంగ సరుకు మీద ఉండేది మామూలు రంగు, సూది మొనకు మెత్తగా దిగుతుంది.

పెట్రోలు బంకుల ఎనామెల్ బోర్డులదీ అదే పద్ధతి. వీటికి కాలం కట్టడం మనకు మరీ తేలిక. ఎస్సో కంపెనీని ప్రభుత్వం 1974లో తీసుకుంది, బర్మా షెల్‌ను 1976లో. కాబట్టి ఆ పేర్లున్న బంకు బోర్డు అంతకుముందుదే అయ్యుండాలి, లేదా ఇప్పుడెవరో చేసిన నకలు. మన విశాఖ రిఫైనరీని 1957లో మొదలుపెట్టింది కాల్టెక్స్ అని ఈ తరానికి తెలియదు. ఆ ఎర్ర నక్షత్రం బోర్డు కోస్తాలో ఏ పాత ఇనుము కొట్టులోనైనా కనబడితే, కిలో లెక్కన తూచే లోపల నాకు కబురు పెట్టండి.

పాత ఫోటోల సంగతి కూడా చెప్పాలి. ఫోటో వెనక ఏమీ రాసి లేకపోతే కారు నంబరు ప్లేటు చూడండి. కొత్త మోటారు వాహనాల చట్టం 1989 జులైలో అమల్లోకి వచ్చింది. అంతకుముందు మన నంబర్లలో జిల్లాకు అంకె లేదు, ‘ఏ’తో మొదలయ్యే మూడు అక్షరాలూ ఆపైన నంబరూ ఉండేవి. పాత మద్రాసు రాష్ట్రం బండ్లకు ‘ఎం’. ఇంతమాత్రం తెలిసినా ఒక ఫోటోను ఊరికీ కాలానికీ దగ్గరగా తేవచ్చు.

పాతవే దాచాలనీ నేననను. 2011 అక్టోబరు 30న గ్రేటర్ నోయిడాలో మొదటి ఇండియన్ గ్రాండ్ ప్రి జరిగింది, వెటెల్ గెలిచాడు. 2005లో మనదేశం నుంచి ఫార్ములా వన్‌కు మొదట వెళ్లిన నారాయణ్ కార్తికేయన్ ఆ రోజు సొంతగడ్డ మీద నడిపాడు. అక్కడ మార్షల్‌గా, అంటే ట్రాక్ పక్కన ఉండి పందెం సజావుగా సాగేలా చూసే పనిలో, ఉన్న ఒక కుర్రాడి దగ్గర నేనొక మందుసీసా చూశాను. అందులో చిక్కుడుగింజంత నల్లటి రబ్బరు ముక్కలు. కార్లు మలుపు తిరిగేటప్పుడు టైర్ల నుంచి రాలి ట్రాక్ అంచున పోగయ్యేవి, మార్బుల్స్ అంటారు. సీసా మీద తేదీ, ఏ మలుపు దగ్గర ఏరాడో అతని చేతిరాతలో ఉంది. మూడేళ్లు జరిగి 2013తో ఆ పందెం ఆగిపోయింది. ఆ చీటీ లేకపోతే అది చెత్తబుట్టలో వేసే రబ్బరు. చీటీ ఉంది కాబట్టే దాన్ని రెండు చేతులతో పట్టుకుని చూశాను.

హైదరాబాదు సంగతీ అంతే. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగర్ ఒడ్డున కరెంటు కార్ల ‘ఫార్ములా ఈ’ పందెం జరిగింది, జాన్ ఎరిక్ వెర్న్ గెలిచాడు. తెలుగునేల మీద జరిగిన ప్రపంచ ఛాంపియన్‌షిప్ కార్ల పందెం అదొక్కటే. మరుసటి ఏడాది జరగాల్సింది రద్దయింది. అంటే దాని తాలూకు ప్రతి పాసూ ప్రతి టోపీ ఆ ఒక్క రోజుదే. ఆ వేళ అక్కడ పనిచేసినవాళ్లు మీ ఎరుకలో ఉంటే, మెడలో వేసుకున్న పాస్ పారేయొద్దని చెప్పండి. వెనక వాళ్ల పేరూ, ఎక్కడ నిలబడ్డారో కూడా రాయించండి. బాల్‌పెన్ను వద్దు, ఒత్తితే అచ్చు ముందువైపు పడుతుంది. పాస్ ప్లాస్టిక్‌దైతే చీటీ రాసి జతపెట్టండి.

మళ్లీ మా మామ దగ్గరికి వస్తాను. చిన్నప్పుడు నేను ఈ పుస్తకం తిప్పుతుంటే, “ఒరే అబ్బయ్యా, పేజీ తడి చేత్తో తిప్పబాక” అనేవాడు. అంతకుమించి దీని గురించి నేనడగలేదు, ఆయన చెప్పలేదు. ఆయన పోయి పదకొండేళ్లయింది. పోయాక కూర్చుని మొదటిసారి పేజీ పేజీ చదివాను. కొన్ని పేర్ల పక్కన టైములున్నాయి, కొన్నిచోట్ల ‘క్లచ్’ అనో ‘హెడ్ గ్యాస్కెట్’ అనో ఉంది, బండి ఎందుకు ఆగిందో రాసుకున్నాడు. తొమ్మిదో పేజీలో 14వ నంబరు దగ్గర అచ్చులో ఉన్న పేరు కొట్టేసి, పైన పెన్సిలుతో ‘మనోడు’ అని రాసి ఉంది. పక్కన నాలుగు ల్యాపుల టైములు. అయిదోది లేదు.

ఎవరా మనోడు? షెడ్డులో పనిచేసే కుర్రాడా, మన జిల్లావాడా? అయిదో ల్యాపులో ఏమైంది? మామ ఉన్నప్పుడు ఒక్క మాట అడిగుంటే తెలిసేది. అప్పటి షెడ్ల వాళ్లను వెతుక్కుంటూ ఇప్పటికి ముగ్గురి ఇళ్లకు వెళ్లాను. ఇద్దరికి చూపు ఆనదు, నేను చదివి వినిపిస్తుంటే ఇంజిన్ల గురించి నిన్న జరిగినట్టు చెప్పారు, 14వ నంబరు మాత్రం గుర్తు లేదన్నారు. మూడో ఆయన ఇంటికి నేను చేరేసరికి ఆయన పోయి నెల దాటిపోయింది.

ఈ సభలో పెద్దవాళ్లు చాలామంది కనిపిస్తున్నారు. ఆ రోజుల్లో నెల్లూరు నుంచి బస్సెక్కి షోలవరం పందేలకు పోయినవాళ్లుంటే, లేదా మీ నాన్నలో బాబాయిలో పోయేవాళ్లని విని ఉంటే, కాసేపు ఆగండి. తొమ్మిదో పేజీ తెరిచి ఈ బల్ల మీదే పెడుతున్నాను, తువ్వాలు కూడా పక్కనే ఉంది. చేతులు తుడుచుకుని వచ్చి చూడండి.