పన్నెండు వోల్టులే కదా!

వైరింగ్ పని నేర్చుకుంటున్న తమ్ముళ్లందరికీ నమస్కారం.

ఇళ్లలో మీరు ఎక్కువగా బిగించబోయేది 900 వీఏ (వోల్ట్ ఆంపియర్) ఇన్వర్టరు, 150 ఏహెచ్ (ఆంపియర్ అవర్) ట్యూబులర్ బ్యాటరీ. 230 వోల్టుల వైపు అందరూ భయంగానే పనిచేస్తారు. బ్యాటరీ వైపుకొచ్చేసరికి ‘పన్నెండు వోల్టులే కదా, షాక్ కొట్టదు’ అంటారు. కొట్టదు, నిజమే. కాలుస్తుంది.

లెక్క చూడండి. 700 వాట్ల లోడుకి 230 వోల్టుల దగ్గర 3 ఆంపియర్లు చాలు. 12 వోల్టుల దగ్గర, ఇన్వర్టరు తినే నష్టం కూడా కలిపితే, 70 దాటుతుంది. బ్యాటరీ దిగిపోయి 10.5 వోల్టులకి వస్తే 80 పైమాటే. ఆ 80 ఆంపియర్లు వెళ్లే లగ్గు (వైరు చివర తొడిగే లోహపు కొన) వదులుగా ఉండి, అక్కడ 10 మిల్లీ ఓమ్‌ల నిరోధం వచ్చినా 64 వాట్ల వేడి పుడుతుంది. మీ చేతిలో సోల్డరింగ్ ఐరన్ 25 వాట్లదే! టెర్మినల్ కరగడం, వైరు తొడుగు మాడడం ఇందువల్లే. లగ్గుని సుత్తితో కొట్టకండి, క్రింపింగ్ టూల్‌తో నొక్కండి. వాజలైన్ బిగించాక పైన రాయండి. బ్యాటరీ టెర్మినల్ సీసంది, మెత్తన, కాస్త కుంగుతుంది. వారం తర్వాత మళ్లీ పానా వేయండి.

బ్యాటరీ వైరు 25 ఎస్‌క్యూ ఎంఎం (చదరపు మిల్లీమీటర్ల అడ్డకోత) రాగిది, ఒకటిన్నర మీటరు మించకూడదు. బ్యాటరీ బాల్కనీలో, ఇన్వర్టరు హాల్లో పెట్టి 16 ఎస్‌క్యూ ఎంఎం వైరు 5 మీటర్లు లాగారనుకోండి. రానూపోనూ 10 మీటర్లు. దాదాపు ఒక వోల్టు దారిలోనే పోతుంది. బ్యాటరీలో ఛార్జింగ్ ఉండగానే ఇన్వర్టరు ‘లో బ్యాటరీ’ అని కూత పెడుతుంది. తప్పు వైరుది, కొత్తది కొనేది బ్యాటరీ. దూరం తప్పకపోతే 230 వైపు వైరు పెంచండి.

పాజిటివ్ వైరు మీద, బ్యాటరీకి జానెడు దూరంలో, 100 ఆంపియర్ల డీసీ ఫ్యూజు ఉండాలి. ఇంట్లో మిగిలిన ఏసీ ఎంసీబీ (కరెంటు ఎక్కువైతే దానంతటదే పడిపోయే స్విచ్చి) పెట్టేయకండి. ఏసీ సెకనుకి 100 సార్లు సున్నాకొస్తుంది, స్విచ్చి తెరుచుకున్నప్పుడు లేచే ఆర్క్ (కరెంటు మంట) ఆరుతుంది. డీసీకి ఆ సున్నా లేదు, మండుతూనే ఉంటుంది.

బిగించేముందు ఇన్వర్టరు ఆపి, ప్లగ్ పీకండి. ఉంగరం, కడియం, వాచీ తీసేయండి. పానా పిడికి టేపు చుట్టండి. మల్టీమీటరుతో ప్లస్సు, మైనస్సు చూసుకోండి. ఉల్టా పడితే ఇన్వర్టరులోని మాస్‌ఫెట్లు (కరెంటుని మార్చే ట్రాన్సిస్టర్లు) పోతాయి. ముందు ఎరుపు, తర్వాత నలుపు. విప్పేటప్పుడు నలుపు ముందు. చివరి వైరు తగిలినప్పుడు చిటుక్కుమనేది లోపలి కెపాసిటర్లు నిండడం వల్ల. అది మామూలే, కానీ గాలిలో హైడ్రోజన్ 4 శాతముంటే ఆ రవ్వే చాలు. ఛార్జింగ్ నుంచి అప్పుడే తీసిన బ్యాటరీని మూతలు బిగించి, గాలాడే చోట కాసేపు వదిలేయండి.

అంతా అయ్యాక పావుగంట నిండు లోడు మీద నడిపి, ఆపి, లగ్గుల మీద వేలు పెట్టండి. గోరువెచ్చగా ఉంటే సరే. చురుక్కుమంటే ఆ లగ్గు కోసి మళ్లీ వేయండి.