నర్సు చదువు పడక దగ్గర ఏం చేస్తుంది?

అందరికీ నమస్కారం.

చేతిపని వస్తే చాలదా, నర్సుకు డిగ్రీలెందుకు అని అడిగేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. అడగదగ్గ ప్రశ్నే. సూది వేయడం, కట్టు కట్టడం, సెలైన్ పెట్టడం చేయగా చేయగా వచ్చేస్తాయి. వాటికోసమే అయితే నాలుగేళ్ల చదువు అక్కర్లేదు.

పొట్ట ఆపరేషన్ అయి రెండు రోజులైన రోగిని ఊహించుకోండి. బీపీ బాగానే ఉంది, జ్వరం లేదు. కానీ నిమిషానికి 16 ఉన్న శ్వాస 24కి చేరింది. మనిషి కాస్త చిరాగ్గా ఉన్నాడు. ఆ అంకె చార్టులో వేసి పక్క మంచానికి వెళ్లిపోవచ్చు. నొప్పి వల్లనా, ఊపిరితిత్తుల్లో రక్తపు గడ్డ అడ్డుపడిందా, సెప్సిస్ (ఇన్‌ఫెక్షన్ ముదిరి అవయవాలు దెబ్బతినే ప్రమాదస్థితి) మొదలవుతోందా అని అక్కడే ఆగనూవచ్చు. శరీరం గుండె వేగం పెంచి, రక్తనాళాలను బిగించి బీపీని చాలాసేపు నెట్టుకొస్తుంది. బీపీ పడిపోయేదాకా ఆగామా, చేతిలో ఉన్న సమయం చాలావరకు పోయినట్టే. ఇదంతా శరీరం పనిచేసే తీరు చెప్పే ఫిజియాలజీ క్లాసులో విన్నదే. పరీక్ష రాసి మరిచిపోయిన పాఠం రాత్రి రెండింటికి ఆ మంచం దగ్గర గుర్తొస్తే, దాన్నే నేను చదువంటాను.

శ్వాస, నాడి, బీపీ లాంటి కొలతలకు పాయింట్లు వేసి, రోగి పరిస్థితి దిగజారుతుంటే ముందే హెచ్చరించే పద్ధతి ఒకటుంది. బ్రిటన్‌లో 2012లో వచ్చిన ఆ 'న్యూస్' స్కోరులో శ్వాస 24 ఉంటే 2 పాయింట్లు, 25 అయితే 3. ఏ ఒక్క కొలతకు 3 వచ్చినా వెంటనే డాక్టరు చూడాలి. అంత విలువైన అంకెను వార్డుల్లో ఎంతమంది నిమిషంపాటు నిలబడి లెక్కపెడుతున్నారో మీకు తెలుసు, నేను చెప్పను.

ఇక ఆధారాలు. అమెరికా నర్సింగ్ పరిశోధకురాలు లిండా ఐకెన్ బృందం 2014లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో ఒక అధ్యయనం ప్రచురించింది. తొమ్మిది యూరప్ దేశాల్లో 300 ఆసుపత్రులు, 4.2 లక్షలకు పైగా సర్జరీ రోగులు. డిగ్రీ ఉన్న నర్సుల వాటా 10 శాతం పెరిగినచోట, నెలలోపు రోగి చనిపోయే అవకాశం 7 శాతం తగ్గింది. ఒక్కో నర్సు చూసే రోగుల సంఖ్య ఒకటి పెరిగితే అదే అవకాశం 7 శాతం పెరిగింది. ఇది పరిశీలన మాత్రమే, చదువే కారణమని తేల్చేసే ప్రయోగం కాదు. అయినా యాజమాన్యాలు మొదటి అంకె చెప్పి రెండోది మింగేస్తే ఒప్పుకోకండి. ఎంత చదివిన నర్సయినా పాతికమంది రోగుల మధ్య పరుగెడుతుంటే ఆలోచించేదెప్పుడు?

అడ్వాన్స్‌డ్ ప్రాక్టీసులో, అంటే పైచదువు చదివిన నర్సు తానే రోగిని పరీక్షించి వైద్యం చేసే స్థాయిలో, ఈ ఆలోచనకు నిర్ణయాధికారం తోడవుతుంది. 1965లో అమెరికాలోని కొలరాడో యూనివర్సిటీలో నర్సు లొరెటా ఫోర్డ్, పిల్లల డాక్టరు హెన్రీ సిల్వర్ కలిసి అలాంటి నర్సులను తయారుచేసే మొదటి 'నర్స్ ప్రాక్టీషనర్' కోర్సు పెట్టారు. నేడు అంతర్జాతీయ నర్సుల మండలి ఈ స్థాయికి కనీసం మాస్టర్స్ డిగ్రీ ఉండాలంటోంది. రోగిని తల నుంచి కాళ్ల దాకా పరీక్షించడం, జబ్బు శరీరంలో ఎలా నడుస్తుందో అర్థం చేసుకోవడం, మందు రాసి దాని ఫలితానికి బాధ్యత వహించడం... ఇవి సీనియారిటీతో వాటంతట అవే రావు. పద్ధతిగా నేర్చుకుని, అనుభవజ్ఞుల పర్యవేక్షణలో చేసి, తప్పులు దిద్దించుకోవాలి. అలా తయారైన నర్సులు ప్రాథమిక వైద్యంలో డాక్టర్ల స్థానంలో పనిచేసినప్పుడు ఫలితాలు దాదాపు సమానంగానో కాస్త మెరుగ్గానో ఉండొచ్చని అనేక అధ్యయనాలను కలిపి పరిశీలించిన 2018 కాక్రేన్ సమీక్ష తేల్చింది. రోగితో వాళ్లు ఎక్కువసేపు గడిపారు కూడా.

మరి మన క్లాసుల్లో ఏం జరుగుతోంది? నోట్స్ చెప్పి రాయించడం. సీనియర్ల కేస్ స్టడీల్లో పేరు, వయసు మార్చి సమర్పించడం. మాస్టర్స్ చేసినవాళ్లకు వార్డులో తగిన పోస్టు లేక, అందరూ పాఠాలు చెప్పడానికే వెళ్లిపోవడం. ఇలా అయితే నేర్చినది రోగిదాకా చేరదు.

అధ్యాపకులను నేను కోరేది ఒకటే. నర్సింగ్, మెడికల్ విద్యార్థులను ఒకే సిమ్యులేషన్ గదిలో, అంటే నిజమైన వార్డులా అమర్చిన సాధన గదిలో, కూర్చోబెట్టండి. ఇందాకటి రోగి గురించి నర్సింగ్ విద్యార్థి మెడికల్ విద్యార్థికి ఫోన్ చేయాలి: పరిస్థితి ఏమిటి, నేపథ్యం ఏమిటి, నా అంచనా ఏమిటి, మీరేం చేయాలి. చివరి మాట దగ్గరే చాలామంది నీళ్లు నములుతారు. "ఒకసారి చూడండి సార్" అని కాదు, "పది నిమిషాల్లో రండి" అనాలి. అవతలి విద్యార్థి "పొద్దున చూద్దాంలే" అంటే, ఆ జవాబుకూ మార్కులు వేయండి.