అడిగితే చెప్పే అంగళ్ళు

అందరికీ నమస్కారం. కామర్స్ పిల్లలకు నాలుగు మాటలు చెప్పమని పిలిచారు. వ్యాపారం ఎట్లా చెయ్యాలో చెప్పే అర్హత నాకు లేదు, ఏనాడూ గల్లాపెట్టె ముందు కూర్చోలేదు. కొనేవాడి వైపు నుంచైతే చెప్పగలను. కొత్త ఊరికి పోతే గుడికంటే ముందు బజారు చూసే రకం నేను. మా ఆవిడ దీన్ని జబ్బు అంటుంది.

మంచి అంగడికి నేను పెట్టుకున్న గుర్తు ఒకటే. మనం ఒకటి అడిగితే అవతలి మనిషి తిరిగి రెండు అడగాలి.

మన నెల్లూరు బియ్యం అంగళ్ళే చూడండి. "బియ్యం కావాల"ంటే పని తెలిసిన వ్యాపారి వెంటనే ధర చెప్పడు. "పాతవా, కొత్తవా అబ్బయ్యా? అన్నానికా, టిఫిన్లకా? ఇంట్లో పెద్దోళ్ళు ఉండారా?" అని మొదలుపెడతాడు. గోతాంలోంచి గుప్పెడు తీసి అరచేతిలో పరిచి, నూక ఎంతుందో చూపిస్తాడు. రెండు గింజలు కొరికి చూడమంటాడు. పాతబియ్యం పుటుక్కున విరుగుతుంది, కొత్తది పంటికి కాస్త మెత్తగా తగులుతుంది. కొత్తబియ్యానికి ఎసరు తగ్గించండి, లేకపోతే ముద్దయిపోద్ది అని చెప్పి మరీ పంపిస్తాడు. మన నెల్లూరు వరి పరిశోధనా కేంద్రం ఇచ్చిన నెల్లూరు మసూరి, అదే ఎన్‌ఎల్‌ఆర్ 34449, ఒక చేతిలో, బాపట్ల నుంచి వచ్చిన సాంబ మసూరి, అదే బీపీటీ 5204, ఇంకో చేతిలో పెట్టి తేడా చెప్పే మనిషి దొరికితే నేను ఆ పూటకి ఇంకెక్కడికీ కదలను. వయసు మళ్ళిన వ్యాపారి కనపడితే "మొలగొలుకులు ఉన్నాయా" అని, మన పాతకాలం నెల్లూరు బియ్యం గురించి, అడగండి. సరుకు ఉండకపోవచ్చు, కథ మాత్రం తప్పకుండా ఉంటుంది.

చీరల కొట్లోనూ అంతే. 2022లో జిల్లాలు మారినప్పుడు వెంకటగిరి తిరుపతి జిల్లాలోకి పోయింది గానీ, పెళ్ళికీ పండక్కీ వెంకటగిరి చీర అడగడం మనవాళ్ళు మానలేదు. చేనేతో, మరమగ్గమో ఎట్లా తెలుస్తుందని అడగండి. విసుక్కుంటే లేచి వచ్చేయండి. మంచి కొట్లో అంచు తిప్పి వెలుతురుకు పట్టి చూపిస్తారు. చేనేత మగ్గం మీద గుడ్డ బిగువుగా ఉండటానికి అడ్డంగా బద్ద పెడతారు. దాని ముళ్ళు గుచ్చుకున్న సన్న చిల్లులు రెండు అంచుల పొడవునా కనిపిస్తాయి. అది ఒక్కసారి కళ్ళారా చూశాక ఇంక మిమ్మల్ని ఎవరూ అంత సులువుగా మోసం చెయ్యలేరు.

ఉదయగిరికి పోయినోళ్ళు ఎంతమంది? కొండా కోటా చూసి వచ్చేస్తారు. అక్కడి చెక్క చెంచాలకు, ఆ ఊరి సరుకేనని చెప్పే భౌగోళిక గుర్తింపు (జీఐ) ఉంది, చెక్కేవాళ్ళలో ఆడవాళ్ళూ ఉన్నారు. నర్ది చెక్కతో చేసిన గరిటె చేతిలో పెట్టుకుంటే బరువే తెలియదు. నీళ్ళలో నానబెట్టొద్దు, తుడిచి ఆరబెట్టండి అని చేసినవాళ్ళే చెబుతారు. ఆన్‌లైన్‌లో అదే గరిటె దొరకొచ్చు, ఈ మాట దొరకదు.

పాతవన్నీ బంగారమని అనడం లేదు. తక్కువ తూచే తక్కెళ్ళు, బట్టలు చూసి మనిషిని అంచనా కట్టే చూపులు, అన్నీ ఆ కొట్లలోనే చూశాం. ప్యాకెట్ల మీద 1990 నుంచి ఎమ్మార్పీ వేయడం, పెద్ద షోరూముల్లో అందరికీ ఒకటే ధర ఉండటం, వీటివల్ల బేరమాడటం రానివాళ్ళకి ఎంతో మేలు జరిగింది. ఆడపిల్లలు గంటసేపు చూసి, ఏమీ కొనకుండా బయటికొచ్చినా అడిగేవాళ్ళు ఉండరు. అది చిన్న స్వేచ్ఛేం కాదు.

కానీ బిల్లు దగ్గర "ఫోన్ నంబర్ చెప్పండి సార్" అనే మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. అక్కడ వాళ్ళు అడిగే ప్రశ్న అదొక్కటే! నంబర్ ఇస్తేనే అమ్ముతామని పట్టుబట్టొద్దని 2023లో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖే దుకాణాలకు సలహా ఇచ్చింది. ఇవ్వనని నవ్వుతూ చెప్పండి, బిల్లు వస్తుంది.

రేపు మీలో కొందరు అంగడి పెడతారు. పెట్టినప్పుడు కౌంటర్ ఇవతల ఒక స్టూలు వెయ్యండి, నాబోటోళ్ళు కాసేపు కూర్చుంటారు. కొనకుండా పోతామేమోనని టెన్షన్ పడొద్దు, కొనే పోతాం. ఇంకొకటి, ఈ చుట్టుపక్కల గొడుగు బాగుచేసే మనిషి ఎవరైనా ఉంటే మీటింగ్ అయ్యాక నాకు చెప్పండి.